శిశు సంక్షేమ సభలో ఒక శిశువు

ఆకలైనప్పుడల్లా ఏడ్చే దురలవాటు మన దేశపు శిశువులకు ఇంకా పోలేదు. స్వరాజ్యం వచ్చింది, పంచాయతీ సమితులు వచ్చాయి, పక్క బస్తీ అయిన కోట దాకా బస్సు కూడా వచ్చింది. ఈ ఒక్క విషయంలో మాత్రం పౌరులకు పుట్టుకతోనే క్రమశిక్షణ లోపిస్తున్నది. దీన్ని సరిదిద్దడానికి సమితి ఆఫీసు గుమాస్తా గంగాధరం చేసిన కృషిని లోకం గుర్తించలేదు కనుక ఇక్కడ మనవి చేస్తున్నాను.

గంగాధరం భార్య ఆనందకుమారి సముద్రం దగ్గరి పాళెంలో, పుట్టింట్లో, మగబిడ్డను కన్నది. కబురు అందగానే ఆయన సెలవు పెట్టి, చేతి గడియారానికి కీ ఇచ్చుకొని బయలుదేరాడు. బిడ్డ కాస్త పచ్చగా, కాస్త తేలికగా ఉన్నాడు.

"ఏం కాదులే అబ్బయా, కడుపు నిండా పాలు తాగితే వాడే తేరుకుంటాడు" అన్నది అత్తగారు పేరమ్మ.

చదువుకున్నవాడు ఇంత సులువైన వైద్యాన్ని నమ్మితే ఇక చదువుకు గౌరవమేముంది? గంగాధరం ఇద్దరు వైద్యులను కుదిర్చాడు. బస్తీ డాక్టరు పోలేరయ్య గారు బిడ్డకు గడియారం చూసి మాత్రమే పాలివ్వాలన్నారు. నడుమ ఏడిస్తే ఏడవనివ్వాలి, అది ఊపిరితిత్తులకు వ్యాయామం. రోజూ పొద్దున్నే పరగడుపున తెచ్చి తూకం వేయించాలి, ఒంటికి ఎండ తగలనివ్వాలి. ఊరి వైద్యులు పద్మనాభయ్య గారు పసరు పోశారు. అది కడుపులో కుదురుకొనేదాకా పాలు ముట్టించరాదన్నారు. ఎండ పొడ సోకితే పూచీ తమది కాదన్నారు.

ఇద్దరూ ఘనులే. ఎవరినీ నొప్పించకుండా గంగాధరం బిడ్డను కాళ్లు ఎండలో, తల నీడలో ఉండేటట్టు పడుకోబెట్టాడు. డాక్టరు గారి పాల వేళకు పసరు అడ్డం వచ్చేది. పసరు కుదురుకొనేసరికి బండి కట్టే వేళయ్యేది. బండిలో పాలిస్తే తూకం చెడుతుంది. తిరిగి వచ్చేటప్పుడు ఇద్దామంటే వాగు సముద్రపు పోటు మీద ఉండేది, అది తీసేదాకా అవతలి ఒడ్డున పదిమంది మగవాళ్ల మధ్య కూర్చోవలసి వచ్చేది. ఇల్లు చేరేసరికి బిడ్డ ఏడ్చి ఏడ్చి నిద్రపోయేవాడు. నిద్రపోయే బిడ్డను లేపకూడదని వైద్యులిద్దరూ, జీవితంలో మొదటిసారి, ఏకీభవించారు.

బిడ్డ తూకం తగ్గింది. అది పసరు మహిమ అన్నారు డాక్టరు గారు. ఇంగ్లీషు వైద్యం మహిమ అన్నారు పద్మనాభయ్య గారు. ఆనందకుమారికి పాలు గడ్డకట్టి జ్వరం వచ్చింది. దానికి ఎవరూ వేళ కేటాయించలేదు.

ఇట్లా శాస్త్రీయంగా సాగిపోతుండగా ఒకనాడు బిడ్డతో బస్తీకి పోతే డాక్టరు గారి గదికి తాళం వేసి ఉంది. ఆయన పక్కనే ఉన్న బడి హాల్లో శిశు సంక్షేమ సభకు అధ్యక్షత వహిస్తున్నారు.

"సభ అయినాక తూకం వేస్తారంట. లోపల కూర్చుందాం. అప్పటిదాకా పాలొద్దు" అన్నాడు గంగాధరం.

కూర్చున్నారు. బిడ్డ ఏడుపు మునుపటంత గట్టిగా లేదు, పిల్లికూన మూలిగినట్టుంది. ఆనందకుమారి వాణ్ణి ఇంకాస్త దగ్గరికి పొదువుకున్నది. వేదిక మీద పోలేరయ్య గారు గొంతు పెంచారు.

"మహాజనులారా! శిశువే జాతికి సంపద! శిశువు మూగవేదనను ఆలకించని జాతికి పుట్టగతులు లేవు!"

చప్పట్లు మోగాయి. చప్పట్లకు బిడ్డ ఉలిక్కిపడి, ఉన్న కాస్త శక్తితో కెవ్వుమన్నాడు. డాక్టరు గారు మొహం చిట్లించారు.

"ఎవరమ్మా అది? బయటికి తీసుకుపో! శిశువుల గురించి మాట్లాడుతుంటే ఒక్క ముక్క వినబడనివ్వడం లేదు."

దీనికి మరింత గట్టిగా చప్పట్లు కొట్టారు. ఆనందకుమారి లేచి బయటికి నడిచింది. గంగాధరం మణికట్టు చూసుకుంటూ వెంటపడ్డాడు.

"ఆగు, ఆగు! ఇంకా టైము కాలేదు!"

"మీ టైము మీరే తాగండి" అన్నది ఆమె.

బండి చాటున కూర్చొని కొంగు కప్పుకున్నది. బిడ్డకు రొమ్ము పట్టే ఓపిక కూడా లేదు. పెదవుల మీద పాలు పిండింది. వాడు చప్పరించాడు. మళ్లీ పిండింది. ఈసారి పట్టుకున్నాడు. గుటక వినబడ్డాక ఆమె కళ్లనీళ్లు ఆగలేదు. గంగాధరం ఆ గుటకలు వింటూ మెల్లగా అన్నాడు: "రెండో పక్క గూడా ఇయ్యి."

ఆనాటి నుంచి బిడ్డ ఏడ్చినప్పుడల్లా పాలిచ్చింది. పసరు గోడవతల పారబోసింది. అత్తగారు "నేను చెప్పలా?" అనకుండా ఉండడానికి చాలా కష్టపడింది. బిడ్డ ఒళ్లు చేశాడు. అది గడియారం విజయమని డాక్టరు గారు ప్రకటించారు. పద్మనాభయ్య గారు అదే పసరు మరో నాలుగిళ్లలో పోశారు.

ఇక ఆ సభ సంగతి. బిడ్డ వెళ్లిపోయాక అది ఎంతో ప్రశాంతంగా జరిగింది. శిశు సంక్షేమానికి ఆటంకం కలగకుండా ఇకమీదట ఇటువంటి సభలకు శిశువులను తీసుకురాకూడదని ఒక తీర్మానం ప్రవేశపెట్టారు. తల్లులెవ్వరూ అభ్యంతరం చెప్పలేదు. అప్పటికే వాళ్లంతా ఆనందకుమారి లాగే బిడ్డలను ఎత్తుకొని బయట ఉన్నారు. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. ముందు వరసలో మీరు కూడా చెయ్యెత్తినట్టు నాకు జ్ఞాపకం.