కుమ్మరిపిల్లను రాకుమారిగా మార్చినవారికి జేజేలు

నవలలు రాసేవాళ్ల దగ్గర నుంచి చివరి అధ్యాయాన్ని ప్రభుత్వం వెంటనే స్వాధీనం చేసుకోవాలి! జాగీర్లే రద్దయిపోయిన రోజుల్లో ఇదొక లెక్కా? మాయలు, మంత్రాలు, ఎగిరే మంచాలు ఏమైనా రాసుకోనివ్వండి. ముగింపు మాత్రం సినిమావాళ్లకు అప్పగించాలి. కథ ఎక్కడ ఆపితే జనం నిమ్మళంగా ఇంటికెళ్లి అన్నం తింటారో వాళ్లకే తెలుసు.

నమ్మరా? అయితే మా రాంగోపాల్‌పేట్‌లో జరిగింది వినండి.

మా వీధిలో ప్రేమమణి గారని ఒక టీచరున్నారు. బందరు నుంచి వచ్చి ఇక్కడి ఆడపిల్లల బడిలో స్థిరపడ్డారు. ఆదివారం చర్చిలో హార్మోనియం వాయిస్తారు, మిగతా రోజుల్లో పిల్లల చేత ఎక్కాలు అప్పజెప్పించుకుంటారు. ఇంత నెమ్మదస్తురాలికి జానపద నవల రాయాలన్న దుర్బుద్ధి పుట్టిందంటే, అది పక్క వాటాలో ఉండే సుమిత్ర వల్లే.

సుమిత్ర భర్త సోమయ్యకు మోండా మార్కెట్‌లో ఉల్లిగడ్డల దుకాణం ఉండేది. పోలీసు యాక్షన్‌కు ముందు ఎండాకాలంలో ఆయన బస్తాల వెనక, అప్పట్లో నేరమైన మూడు రంగుల జెండాలు దాచాడు. ఆ సంగతి ఎవరో చేరవేశారు. ఏ దుకాణమో వేలు పెట్టి మరీ చూపించారు. తుపాకులవాళ్లు వచ్చి ఆయన్ని తీసుకుపోయారు. సెప్టెంబరులో సైన్యం వచ్చింది, ఇంటింటి మీదా జెండా లేచింది, సోమయ్య మాత్రం రాలేదు.

అన్నిటికంటే పెద్ద జెండా మా వీధి పెద్దమనిషిగారి మేడ మీద లేచింది. వారి పేరు రాయను, మర్యాద కాదు. అంతకుముందు దర్బారువాళ్ల రూమీ టోపీ పెట్టేవారు, ఆ తర్వాత ఖద్దరు టోపీ. తల మాత్రం అదే.

సుమిత్ర ఆ మేడకూ వెళ్లింది, ఆఫీసులకూ తిరిగింది. "మా ఇంటాయన దుకాణం చూపెట్టిందెవరు సారూ?" అని ఒకటే అడిగేది. "మన రాజ్యం వచ్చింది కదమ్మా, ఇంకా పాత ముచ్చట్లెందుకు?" అని మంచినీళ్లిచ్చి పంపేవారు. ఎంత మర్యాద చూశారా!

సాయంత్రాలు ఆమె టీచరుగారి మెట్ల మీద మాటా పలుకూ లేకుండా కూర్చునేది. ఆమెను పలికించడానికి ప్రేమమణి గారు ఒక కథ మొదలుపెట్టారు. అదే పెరిగి పెరిగి 'గొంతుల కోట' అనే నవలైంది.

కథ ఏమిటంటే, ఒక మాంత్రికుడు ఊరివాళ్ల గొంతులన్నీ దొంగిలించి, కుండల్లో పెట్టి మూత బిగిస్తాడు. ఒక కుమ్మరిపిల్ల కోటలో దూరి కుండలన్నీ పగలగొడుతుంది. అందరికీ గొంతులొస్తాయి కానీ, ఆ పెనుగులాటలో ఆమె గొంతు మాత్రం శాశ్వతంగా పోతుంది. అప్పుడు జనం రాజుగారి చుట్టూ చేరతారు. కోట తాళంచెవి మాంత్రికుడికి ఇచ్చింది ఆయనే మరి! "తాళంచెవి ఎవరిచ్చారు?" అని ఒక ముసలమ్మ అడుగుతుంది. రాజు నోరు తెరుస్తాడు. అంతే, నవల అయిపోయింది!

ఇదేం ముగింపండీ? రాజు ఏమన్నాడో చెప్పొద్దూ? చదివినవాడికి నిద్ర పట్టొద్దూ? సుమిత్ర మాత్రం విని, "గిట్లనే ఉండనియ్యి టీచరమ్మా. జవాబు ఆయన నోట్లకెల్లే రావాలె," అంది. అదేం రుచో!

అదృష్టం బాగుండి, పుస్తకం పర్వతాలుగారి కంటపడింది. ఈయన ఒకప్పుడు తిరుమలగిరిలో టెంటు సినిమా నడిపి, తర్వాత మద్రాసు వెళ్లి ప్రొడ్యూసరైన మన ఊరివాడే. పిక్చరు పూర్తి చేసుకొచ్చి, క్లైమాక్సు ఎంత బాగా కుదిరిందో టీచరుగారికి స్వయంగా వినిపించాడు. నేనూ అక్కడే ఉన్నాను.

"కుమ్మరిపిల్ల అసలు కుమ్మరిపిల్లే కాదు టీచరమ్మా, చిన్నప్పుడు తప్పిపోయిన రాకుమారి!"

"ఆమె గొంతు పోతుంది కదండీ?" అన్నారు ప్రేమమణి గారు.

"గొంతు పోతే డ్యూయెట్ ఎవరు పాడ్తరు? రికార్డింగ్ సుత అయిపోయింది."

"మరి రాజుగారు? తాళంచెవి ఇచ్చిన సంగతి?"

"రాజు వేషం ఎవరేసిన్రో ఎరుకేనా? గంత పెద్ద యాక్టర్‌ను జనం ముంగట దోషిలెక్క నిలబెడ్తే హాలు మిగుల్తదా? ఆయన మాయల ఉండె, ఆయనకేం తెల్వది. లాస్టుకు అక్షింతలు ఏస్తడు, శుభం!"

నాకైతే కళ్లు చెమర్చాయి. దోషి లేడు, నష్టం లేదు, పైగా పెళ్లి విందు! నవలలో మాంత్రికుడి చేతిలో చచ్చిపోయిన గుర్రం కూడా సినిమాలో పూలదండ వేసుకుని పెళ్లికొచ్చిందట. ఈ విద్య సినిమాకే పరిమితం చేయడం దేశానికి నష్టం కాదా? మోండా మార్కెట్ మురుగు కాలువకు చివర్లో ఒక డ్యూయెట్ పెట్టి చూడండి, కంపు ఉంటే నన్నడగండి!

సికింద్రాబాద్‌లో మొదటి రోజు మ్యాట్నీకి వీధంతా కదిలింది. సుమిత్రను టీచరుగారే తీసుకొచ్చి ఆడవాళ్ల బెంచీల్లో కూర్చోబెట్టారు. సుమిత్ర సినిమా అంతా కళ్లార్పకుండా చూసింది. రాజు తాళంచెవి ఇచ్చే సీనులో ముందుకు వంగింది. కుండలు పగులుతుంటే చప్పట్లు కొట్టింది.

పెళ్లి సీను వచ్చింది. రాజుగారు నవ్వుతూ అక్షింతలు వేస్తున్నారు. సుమిత్ర లేచి నిలబడింది.

"ఏందీ, అయిపోయిందా? తాళంచెవి ఇచ్చినోని సంగతేంది?"

"కూసో అక్కా, లగ్గమైతున్నది!" అన్నారు ఎవరో.

"లగ్గం తర్వాత. ముందుగాల తాళంచెవి ఎవరిచ్చిండో రాజునే జెర చెప్పుమనుండ్రి."

హాలంతా నవ్వింది. నేల క్లాసు వాళ్లకు ఇంతకంటే పండగుంటుందా? "చెప్పు రాజా, చెప్పు!" అని ఈలలు షురూ చేశారు. తెర మీద రాజు మాత్రం నవ్వుతూనే ఉన్నాడు.

అంతలో బాల్కనీలోంచి ఒక గొంతు గద్దించింది. "ఎవరక్కడ? ఆ పిచ్చిదాన్ని బయటికి పంపండి!" ముఖ్య అతిథిగా వచ్చిన మా పెద్దమనిషిగారు! ఖద్దరు టోపీ సర్దుకుంటూ లేచి నిలబడ్డారు.

వారక్కడ ఉన్నారని సుమిత్రకు అప్పటిదాకా తెలియదు. తెర వైపు నుంచి తల తిప్పి పైకి చూసింది.

"నేను అడుగుతున్నది రాజును సారూ. మీరెందుకు లేస్తున్నరు?"

ఈలలు ఆగిపోయాయి. నేల క్లాసు మొత్తం వెనక్కి తిరిగి బాల్కనీ వైపు చూసింది. పెద్దమనిషిగారు దగ్గారు, పక్కవాళ్లను చూశారు, ఏదో పనున్నట్టు మెట్లు దిగి వెళ్లిపోయారు. పెళ్లి భోజనాలు చూడకుండానే! సుమిత్ర కూర్చుంది. టీచరుగారు ఆమె చెయ్యి పట్టుకున్నారు.

పర్వతాలుగారు గట్టివాడు. మర్నాటికల్లా లోపం పట్టేశాడు. తాళంచెవి ఇచ్చే సీను కత్తిరించేశాడు! ఇప్పుడు కోట తలుపు దానంతట అదే తెరుచుకుంటుంది. ఇచ్చినవాడే లేనప్పుడు ఎవరిచ్చారని ఎవరడుగుతారు? ముగింపు మార్చేవాడు పండితుడైతే, మొదలు కూడా మార్చేవాడు మహర్షి!

ఆ మహర్షుల చలువ మా వీధికీ తగిలింది. సోమయ్యను అమరవీరుడిగా గుర్తించి, వచ్చే ఆదివారం మోండా మార్కెట్‌లో ఆయన ఫోటోకు దండ వేయబోతున్నారు. సభకు అధ్యక్షులు, దండ వేసేవారు, ఆనాటి త్యాగాల గురించి ప్రసంగించేవారు అంతా మా పెద్దమనిషిగారే. సుమిత్రకు వేదిక మీద కుర్చీ కూడా వేస్తారట. ఇంతకంటే శుభం ఏముంటుంది?

ఈ కబురు టీచరుగారే ఆమెకు చెప్పారు. "నీకు ఇష్టం లేకపోతే వెళ్లకు తల్లీ," అన్నారు.

సుమిత్ర బొట్టు సరిచేసుకుంది.

"పోత టీచరమ్మా. నేను ఇయ్యాలటి దన్క బొట్టు తియ్యలే. ఆయన బతికున్నడో లేడో ఒక్క ఆఫీసోడు చెప్పలే. ఫోటోకు దండేస్తున్నరంటే సచ్చిపోయిండనే గద? ఆ సంగతి ఈ సారుకు ఎట్ల ఎరుక?"

సినిమా హాల్లోనైతే శుభం పడగానే లైట్లు వేస్తారు. ఆదివారం సభలో ఎవరు వేస్తారో చూద్దామని నేనూ వెళుతున్నాను. ముందు వరసలో కూర్చుంటాను.