నలభై ఒక్క ఓటీపీల రిజిస్టరు

"ఇకపై ఖరగ్‌పూర్‌లో కాగితమన్నదే కనబడదు!" అని ఈ-సేవల అమలు సంఘం కన్వీనరు వరాహనరసింహంగారు ప్రకటించారు. ఆ ప్రకటనను కరపత్రాలుగా అచ్చేయించి, ఆ ఊళ్లోని నిమ్‌పురా పేటలో ఇంటికి ఐదేసి పంచారు. మహానుభావుడు, ఏ పనైనా కొరత లేకుండా చేస్తారు.

గోవిందరావు నాలుగు కరపత్రాలు అటక మీద దాచి, ఐదోది చదువుకున్నాడు. మనవరాలు స్వాతికి స్కూల్లో సీటొచ్చింది. తాత నిమ్‌పురాలోనే ఉంటున్నట్టు నివాస పత్రం శుక్రవారం నాలుగు గంటల్లోగా ఇవ్వకపోతే ఆ సీటు ఇంకొకరిది. కొత్త నియమావళి ప్రకారం ఆ పత్రం ఫోనులోనే పుట్టాలి.

ఆయన ముప్పై ఆరేళ్లు రైల్వే గేట్‌మ్యాన్. స్టేషన్ మాస్టరు అనుమతికి గుర్తుగా ఫోనులో ప్రైవేట్ నంబరు చెబితే, టైముతో సహా రిజిస్టరులో రాసి, తిరిగి చదివి వినిపించి, అప్పుడే గేటు మీద చెయ్యేసేవాడు. ఒక్క ప్రమాదం లేదు. ఆ గర్వం ఆయనకి ఉంది, ఉండాలి కూడా.

ఓటీపీ వచ్చింది. ఆయన కళ్లజోడు తుడిచి, పాత రిజిస్టరు తెరిచి, స్కేలుతో గీత గీశాడు.

"తాతా, బేగి సెప్పు! అరవై సెకన్లే!"

"ఆగవే! నంబరు రాయకుండా గేటు తీస్తే ఏటవుద్దో నీకేటి తెలుసు? పది గంటల పన్నెండు నిమిషాలు... నాలుగు, సున్నా, తొమ్మిది..."

గడువు దాటిపోయింది.

"ఇలా తే, నంబరు నేను కొడతాను."

"నా పేర్న వచ్చిన నంబరు నువ్వు ముట్టుకోకూడదు. రూలు కాదు."

శుక్రవారం పొద్దుటికి నలభై ఒక్క ఓటీపీలు రిజిస్టరుకెక్కాయి. పత్రం రాలేదు. స్వాతి మొహం చూడలేక ఆయన రిజిస్టరు చంకన పెట్టుకుని కన్వీనరుగారి ఆఫీసుకి వెళ్లాడు.

"బాబుగారూ, నలభై ఒక్కసార్లు రాసినాను. ఒక్కటీ అవ్వనేదు."

వరాహనరసింహంగారు పేజీలు తిప్పారు. ఆయన కళ్లు చెమర్చాయి.

"నలభై ఒకటా! ఒక్క పౌరుడికే! సేవలు అందినట్టు రుజువులేవని పైనుంచి రోజూ ఫోన్లండీ నాకు."

"మరి నా పత్రం?"

"అది పోర్టల్ చూసుకుంటుంది, గోవిందరావుగారూ. సెక్షన్ నాలుగు ప్రకారం నేను కాగితం మీద సంతకం పెట్టకూడదు. సన్మానాలకి మాత్రం మినహాయింపు ఉంది. రెండు గంటలకి వచ్చేయండి."

రెండింటికి శాలువా కప్పారు. ప్రశంసాపత్రం కూడా ఇచ్చారు: "నిమ్‌పురా నివాసి శ్రీ గోవిందరావు నలభై ఒక్క ఈ-సేవలు పొందినందుకు." కింద గుండ్రటి సీలు, ఆకుపచ్చ సిరాతో కన్వీనరుగారి సంతకం. చప్పట్ల మధ్య గోవిందరావు తల దించుకుని నిలబడ్డాడు. ఆయనకి ఏడుపొక్కటే తక్కువ.

స్వాతి ఆ పత్రం చదివింది. మొదటి రెండు మాటలు మళ్లీ చదివింది.

"తాతా, సైకిలెక్కు!"

మూడూ యాభైకి స్కూలు గుమస్తా దీదీ ఆ సీలుని వేలితో రుద్ది చూసింది.

"ఠీక్ హై. మూడు జెరాక్సులు."

గేటు బయటికి రాగానే ఫోను మోగింది. అందిన సేవ మీద అభిప్రాయం చెప్పడానికి ఓటీపీ అట. గోవిందరావు మెట్టు మీద కూర్చుని కళ్లజోడు తుడవసాగాడు. స్వాతి ఈసారి తొందరపెట్టలేదు, రిజిస్టరు తెరిచి పట్టుకుంది.