ట్యూబా ఎత్తిన వేళ

ఆ రోజు ఉదయం ట్యూబా మాస్టారు పెట్టుకున్న పని ఒక్కటే. ట్యూబాకి స్నానం చేయించాలి. సాయంత్రం ఆయన ఆఖరి కచేరీ. ముప్పై ఏళ్ళకు పైగా ఒళ్ళో కూర్చోబెట్టుకున్న వాద్యాన్ని మాసిన ఒంటితో వేదిక ఎక్కించడానికి ఆయనకు మనసొప్పలేదు.

ట్యూబా అంటే ఇత్తడి వాద్యాలన్నిటిలోకీ పెద్దది. ఒళ్ళో పెట్టుకుని ఊదుతుంటే మనిషి కనిపించడు, కాళ్ళు మాత్రం కనిపిస్తాయి. వాద్యబృందంలో ఆయన చోటు, పుల్ల ఊపుతూ అందరినీ నడిపించే కండక్టరుకి దూరంగా, వెనక వరసలో చిట్టచివర, పక్క తెరను ఆనుకుని ఉంటుంది. వాద్యం అంత పెద్దదే గానీ పని తక్కువ. వయొలిన్ల వాళ్ళు గంటసేపు చెమటలు కక్కుతుంటే ట్యూబా పావుగంట ఊరుకుని, నాలుగు సార్లు గుమ్మని, మళ్ళీ ఊరుకుంటుంది. అందువల్ల మాస్టారి ఉద్యోగంలో సింహభాగం ఊదడంలో కాక, ఎప్పుడు ఊదాలా అని లెక్కపెట్టడంలో గడిచింది. మోకాలి మీద వేళ్ళతో తడుతూ లెక్కలో పడ్డారంటే పక్కన పిడుగు పడ్డా పలకరు. పలికితే లెక్క పోతుంది, లెక్క పోతే పరువు పోతుంది.

"సాయంత్రం తప్పకుండా రమ్మంటున్నారు, బాగానే ఉంది," అంది ఆయన భార్య, తువ్వాలు అందిస్తూ. "వచ్చి ఏం చెయ్యను? ఇదివరకు వచ్చిన ప్రతిసారీ నిద్రపోయాను. మీరు ఊదేది ఏదో నాకు ఇప్పటికీ తెలీదు."

"పోయినసారి విన్నానన్నావుగా."

"బర్రె మూలిగినట్టుందే, అదా? అది మీరు కాదన్నారుగా."

"అది బసూన్, వేరే వాద్యం," అని మాస్టారు నిట్టూర్చారు. "ఇవాళ అలా కాదు. చివరి పాటలో కండక్టరు నాకో ముక్క ఇచ్చాడు. అందరూ ఆపేస్తారు, నేనొక్కణ్ణే ఊదుతాను. వెళ్ళిపోతున్న మనిషి కదా అని ఇచ్చాడు."

"అయితే సరే. ఒక్కసారన్నా వినపడాలిగా మరి," అందావిడ.

మాట మామూలుగానే అంది. ఆయనకు మాత్రం ముల్లులా దిగింది. చప్పట్లు దక్కలేదన్న చింత ఆయనకు ఎన్నడూ లేదు. ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషికి తన వాద్యం గొంతు తెలియదన్నదే ఆయన బాధ. ఇవాళ తప్పితే ఇక ఆ బాధ తీరే దారి లేదు.

"సింకు కింద కారుతోంది, ప్లంబరొస్తాడు. కాస్త చూసుకోండి," అని చెప్పి ఆవిడ దర్జీ దగ్గరికి వెళ్ళింది.

మాస్టారు ట్యూబా గొట్టాలన్నీ ఊడదీసి, సబ్బు పెట్టి రుద్ది, నడవాలో తువ్వాలు పరిచి వరసగా ఆరబెట్టారు. ట్యూబా శరీరాన్ని స్నానాల తొట్టిలోనే వదిలేశారు. తర్వాత ముందు గదిలో కూర్చుని కళ్ళు మూసుకున్నారు. తన ముక్క రావడానికి ముందు చాలా పెద్ద విరామం ఉంది. వేణువు ఒక్కటే సన్నగా వినిపిస్తుంటే వెనక వరస మొత్తం చేతులు కట్టుకుని కూర్చోవాలి. దాన్నొకసారి మనసులో నడిపించి చూద్దామని వేళ్ళతో మోకాలు తట్టడం మొదలుపెట్టారు.

సరిగ్గా ఆ లెక్క మధ్యలో ప్లంబరు వచ్చాడు. తలుపు తీసే ఉంది. వంటింట్లోకి వెళ్ళి సింకు కింద గొట్టం పట్టుకుని ఒక్క తిప్పు తిప్పేసరికి అది తుప్పు పట్టి ఉండి ముక్కలు ముక్కలై చేతిలోకి వచ్చింది. కొత్తది తేవాలంటే కొలత కావాలి. చూస్తే నడవాలో రకరకాల వంపు గొట్టాలు తళతళలాడుతూ ఆరుతున్నాయి. ఇంటాయన తన కోసమే తీసి పెట్టాడనుకుని అతను సంతోషించాడు.

"సార్, ఈ వంపు గొట్టం ఒకటి కొలతకి పట్టుకెళ్తాను," అన్నాడు గుమ్మంలో నిలబడి.

మాస్టారు కళ్ళు తెరవలేదు. ఒక్క క్షణం ఆగమన్నట్టు వేలెత్తి చూపారు.

"ఒకటే సార్, ఒకటే," అని ప్లంబరు అన్నిటిలోకీ పెద్దదాన్ని సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు.

లెక్క తప్పకుండా పూర్తయిన ఆనందంలో మాస్టారు లేచి ట్యూబా బిగించబోయారు. సరిగ్గా నడుము దగ్గర ఖాళీ మిగిలింది. అది లేకపోతే ఊదిన గాలి సగం దారిలోనే బయటికి పోతుంది, శబ్దమే రాదు. తువ్వాలు దులిపారు, తొట్టిలో దేవులాడారు, మంచం కింద కూడా చూశారు. ఇంతలో భార్య వచ్చింది.

"ఏం పోయిందండీ?"

"వంపు గొట్టం."

"అదా. దాన్ని తీసి పారెయ్యమని ప్లంబరుకి నేనే చెప్పాను. ఎన్నాళ్ళని ఆ కంపు భరిస్తాం?"

మాస్టారు గబగబా మెట్లు దిగి వీధి చివరి చెత్తకుండీలో మోచేతుల దాకా వెతికారు. పై అంతస్తు ఆవిడ బాల్కనీలోంచి చూసి, రిటైరైతే అందరికీ ఇలాగే ఉంటుందని జాలిపడింది. తుప్పు ముక్కలు దొరికాయి గానీ ఇత్తడి దొరకలేదు. అప్పటికి గానీ భార్యాభర్తలు మాట్లాడుకుంటున్నది రెండు వేరు వేరు గొట్టాల గురించని తేలలేదు. ప్లంబరుకి ఫోన్ చేశారు.

"మీరే కదా సార్ వేలు చూపించారు," అన్నాడతను.

"అది ఆగమని."

"ఆగమంటే చెయ్యి చూపిస్తారు సార్. వేలు చూపిస్తే ఒకటనేగా."

"ఇప్పుడెక్కడుంది అది?"

"కొట్లో ఉంది సార్. ఇలాంటి సైజు తన సర్వీసులో చూళ్ళేదని కొట్టాయన బల్ల సొరుగులో పెట్టుకున్నాడు. తాళమేసి పెళ్ళివారింటికి వెళ్ళాడు. సాయంత్రం తీస్తాడు. తీయగానే మీ ఇంటికి తెచ్చిస్తాను."

"ఇంటికొద్దు నాయనా. నేరుగా హాలు వెనక గుమ్మం దగ్గరికి తీసుకురా. నీకు పుణ్యముంటుంది."

ప్లంబరు మాట తప్పే మనిషి కాదు. గొట్టం పట్టుకుని చెప్పిన వేళకే హాలు వెనక గుమ్మానికి వచ్చాడు. అక్కడ వాచ్‌మన్ అడ్డం పడి, ఏం పని మీద వచ్చావన్నాడు. గొట్టం బిగించాలని అతను ఉన్నమాటే చెప్పాడు. వాచ్‌మన్ మొహం చేటంత అయింది. హాలు మరుగుదొడ్డి కారడం మొదలై చాలా రోజులైంది, చెప్పీ చెప్పీ అతని నోరు పడిపోయింది. ఇన్నాళ్ళకు పంపించారన్నమాట అనుకుని, ప్లంబరుని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి, పని అయ్యేదాకా కదలనివ్వకుండా గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

ఈ సంగతి తెలియని మాస్టారు గొట్టం లేని ట్యూబాతో వేదిక ఎక్కారు. కండక్టరుతో చెబుదామా అనుకున్నారు. చెబితే తన ముక్కను పక్కాయనకి ఇచ్చేస్తాడు. అందుకని ప్లంబరు వచ్చేదాకా ఊదినట్టు నటిద్దామని నిశ్చయించుకుని, ఖాళీ కనబడకుండా కోటు అంచు కప్పి, బుగ్గలు నిండా పూరించి సున్నా శబ్దంతో మొదటి పాట కానిచ్చారు. రెండోదీ కానిచ్చారు. ఎవరూ తిరిగి చూడలేదు. విరామ సమయంలో పక్క కుర్చీలో ట్రాంబోను అనే పొడుగు బాకా ఊదే అతను చెవి దగ్గర చేరి, "మాస్టారూ, ఇవాళ మీ వాయిద్యం భలే మెత్తగా ఉంది," అన్నాడు. అటుగా పోతున్న కండక్టరు కూడా బాగుందన్నట్టు తల ఊపాడు.

గొట్టం పోయినప్పుడు కూడా మాస్టారికి ఇంత కష్టం కలగలేదు. ఊదినా ఊదకపోయినా ఒకటేనా? అయితే ఇన్నేళ్ళు తాను చేసిందేమిటి? రెండో సగంలో బుగ్గలు పూరించడానికి కూడా ఓపిక లేకపోయింది.

చివరి పాట వచ్చింది. వేణువు సన్నగా ఎత్తుకుంది. హాలంతా గుండుసూది పడితే వినబడేంత నిశ్శబ్దం. మూడో వరసలో భార్య అప్పటికే కళ్ళు మూసుకుంది. మాస్టారు ట్యూబాను పాదాల దగ్గర దించి, అలవాటు చొప్పున మోకాలి మీద లెక్క మొదలుపెట్టారు. తన ముక్క దగ్గరపడుతోంది. గొట్టం లేదు.

సగం లెక్కలో పక్క తెర కదిలింది. చూస్తే ప్లంబరు. మోకాళ్ళ దాకా తడిసి, గెలిచి వచ్చిన సైనికుడిలా ఇత్తడి గొట్టం పైకెత్తి చూపిస్తున్నాడు. మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. గొట్టం బిగించుకుందామని రెండు చేతులా ట్యూబాను అందుకుని ఒళ్ళోకి ఎత్తారు.

అంతే. మూడు ట్రాంబోనులూ ఒక్కసారిగా గర్జించాయి. ఆ వెంటనే తాళాలు ఢణేలుమన్నాయి, పెద్ద డోలు ధనధనలాడింది. వేణువు ఆవిడ ఉలిక్కిపడి కుర్చీలోంచి సగం లేచింది. కండక్టరు పుల్ల గాలిలో ఆగిపోయింది. ముందు వరసలో ఒకాయన చేతి సంచీ కౌగిలించుకున్నాడు. గర్జించినవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని, పప్పులో కాలేశామని తెలిసి, ఎలా మొదలుపెట్టారో అలాగే అందరూ ఒక్కసారి ఆపేశారు. పాటలో ఎక్కడున్నారో ఎవరికీ తెలియదు.

తెలిసినవాడు ఒక్కడే. ఆ నిశ్శబ్దంలో మాస్టారు తెర పక్కన చెయ్యి చాచి గొట్టం అందుకుని బిగించారు. కండక్టరు వంక చూశారు. కండక్టరు మునిగిపోయేవాడు తెప్పను చూసినట్టు చూస్తున్నాడు. మాస్టారు ఊపిరి పీల్చి తన ముక్క ఎత్తుకున్నారు. లోతుగా, తాపీగా, ఎవరితోనూ పోటీ లేని మనిషి ఊదినట్టు ఊదారు. అది పూర్తయ్యేసరికి మిగతావాళ్ళకి తామెక్కడున్నారో తెలిసింది. వయొలిన్లు వచ్చి కలిశాయి, వేణువు కలిసింది, పాట ఒడ్డున పడింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ముందు ఉరిమి, తర్వాత ఒక్క గొంతు మిగలడం రాసినాయన గొప్పతనమేనని వాళ్ళ నమ్మకం.

తెర వెనక కండక్టరు ట్రాంబోను అతన్ని నిలదీశాడు. "అంత ముందుగా ఎందుకు మొదలెట్టావయ్యా?"

"మాస్టారు ట్యూబా ఎత్తారు సార్."

"ఎత్తితే? నీ లెక్క ఏమైంది?"

"మాకు లెక్కేంటి సార్," అన్నాడతను నేల చూపులు చూస్తూ. "మాస్టారు దించితే దించుతాం, ఎత్తితే ఎత్తుతాం. నా ముందాయన ఉద్యోగం అప్పజెబుతూ నేర్పింది అదే."

తాళాలాయన ట్రాంబోనుల్ని చూసి కొట్టానన్నాడు. డోలాయన తాళాల్ని చూసి కొట్టానన్నాడు. కండక్టరు కోప్పడబోయి ఆగాడు. ఆ వరస వాద్యాలు లేవడం చూశాకే తన పుల్ల అటు తిరుగుతుందని ఆయనకు మాత్రం తెలియదా? మాస్టారి పక్కకు వచ్చి గొంతు తగ్గించి, "ఇంకో ఏడాది ఉండండి మాస్టారూ," అన్నాడు. "ఊదకపోయినా ఫర్వాలేదు. వేళకి ఎత్తండి, చాలు."

ముప్పై ఏళ్ళు ఊదినందుకు దక్కని గౌరవం ఒక్కసారి ఎత్తినందుకు దక్కింది. ఇంట్లో అడిగి చెబుతానని మాస్టారు సెలవు తీసుకున్నారు.

ట్యూబాను వీపున వేసుకుని భార్యతో కలిసి ఇంటిదారి పట్టారు. అడగాలని ఉంది, అడగాలంటే భయంగా ఉంది. రెండు వీధులు దాటాక ఇక ఉండబట్టలేదు.

"నా ముక్క వినపడిందా?"

"వినపడకేం. ఆ ధనాధనకి మెలకువొచ్చింది. తర్వాత అందరూ ఆపేశాక ఒక్కటే వినిపించింది చూడండి, అది మీరేగా? కళ్ళు తెరవకుండానే పట్టేశాను."

మాస్టారి కళ్ళు చెమర్చాయి. నడుస్తున్నవారల్లా ఆగిపోయారు. "ఎలా పట్టావే?"

"పట్టకపోవడమేంటి," అందావిడ, ఆయన భుజం మీద పట్టీ సర్దుతూ. "పెళ్ళైన దగ్గర్నుంచీ రోజూ రాత్రి మీరు నిద్రపోయాక పక్కలో వింటున్నదేగా."

అది మెప్పో కాదో మాస్టారు తేల్చుకునేలోగా ఇల్లు వచ్చింది.