లోవరాజు ఎముకకు ప్రారంభోత్సవం

నర్సీపట్నం పురప్రజలకు తెలియజేయడమేమనగా, లోవరాజు కాలి ఎముక ప్రారంభోత్సవం దిగ్విజయంగా జరిగింది. ఎముక ఇంకా కాల్లోకి చేరలేదు గానీ, అది చిన్న విషయం.

లోవరాజు కృష్ణదేవిపేట రూట్లో షేర్ ఆటో తోలుతాడు. గోతిలో చక్రం దిగి ఆటో తిరగబడింది. మోకాలి కింద ఎముకలో ఓ ముక్క నుజ్జునుజ్జయింది. ఆ గొయ్యి పాతదే, అందరికీ పరిచయమున్నదే గనక దాన్నెవరూ తప్పుపట్టలేదు.

ఆస్పత్రిలో డాక్టర్ రోజారమణి మంచి కబురే చెప్పింది. ఎముకలో ఉండే సున్నం లాంటి పొడితో, త్రీడీ ప్రింటర్ మీద పోయిన ముక్కను అచ్చంగా తయారుచేస్తారట. లోపల అమర్చితే దాని సన్నటి రంధ్రాల్లోకి సొంత ఎముకే పెరిగి అల్లుకుంటుందట.

"నాను మళ్లీ ఆటో తోల్గలనా డాట్రమ్మా?"

"తప్పకుండా తోలతావు."

లోవరాజుకు ప్రాణం లేచొచ్చింది. ఆటో కదిలితేనే అతనింట్లో పొయ్యి వెలిగేది మరి.

అయితే కొత్త మిషన్‌కు పూజ చేయకుండా స్విచ్ నొక్కేయడానికి మనమేమైనా అనాగరికులమా? ఆస్పత్రి అభివృద్ధి కమిటీ అధ్యక్షులు గణేశ్వరరావు గారు ముహూర్తం పెట్టించారు. చక్రాలు లేకపోయినా ప్రింటర్ కింద నిమ్మకాయలు పెట్టారు. తొలి అచ్చు శుభప్రదంగా ఉండాలని అధ్యక్షుల వారి బొమ్మే తీశారు. మీసం సరిగ్గా రాలేదని మళ్లీ తీశారు. లోవరాజు అదృష్టం బాగుండి, అడుగున మిగిలిన పొడితో అతని ముక్క కూడా వచ్చింది.

దాన్ని వేదికెక్కించారు. శాలువా మరీ పెద్దదవుతుందని జేబురుమాలు కప్పి సత్కరించారు.

"కాల్లో ఎట్టాల్సిన ఎముక్కి సన్మానమేటండీ?" అని లోవరాజు భార్య తలుపులమ్మ విస్తుపోయింది.

"ఇది లోవరాజు ఒక్కడి ఎముక కాదు! మనందరి ఎముక!" అని గణేశ్వరరావు గారు మైకు అదిరేలా గర్జించారు. ఆ చప్పట్లలో "ముట్టుకోకండీ" అన్న డాక్టరమ్మ కేక ఎవరికీ వినబడలేదు. ఆయన స్వహస్తాలతో ముక్కకు పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టారు. ఆ తర్వాత అది సెల్ఫీల కోసం సభంతా చేతులు మారింది.

"పసుపు రంధ్రాల్లోకి దిగిపోయిందండీ. ఇంక ఇది కాల్లో పెట్టడానికి పనికిరాదు. పొడి కూడా అయిపోయింది," అంది రోజారమణి, ఏడుపొక్కటే తక్కువగా.

"పసుపు మంచిదే కదమ్మా, క్రిములు చస్తాయి," అని అధ్యక్షులు ఓదార్చారు. పొడి రాగానే ద్వితీయ ప్రారంభోత్సవం ఉంటుందని అక్కడికక్కడే ప్రకటించారు కూడా. అంతవరకూ ఎముకను ఆస్పత్రి హాల్లో గాజుపెట్టెలో ఉంచారు. నాలుగు రోజులకే అక్కడ కొబ్బరికాయలు కొట్టడం మొదలైంది. కీళ్లనొప్పులకు బాగా పనిచేస్తోందని వినికిడి.

కిందటి సోమవారం, పొడి వచ్చిందేమో కనుక్కుందామని లోవరాజు చంకకర్రల మీద వచ్చాడు. గాజుపెట్టె ముందు బారెడు లైను.

"దారియ్యండి బాబూ, ఆ ఎముక నాది."

"మాది కూడానూ. లైన్లో రా," అన్నాడు ముందున్న పెద్దాయన.

లోవరాజు లైన్లోనే వచ్చాడు. తన ఎముక ఎదుట నిలబడ్డాడు. ఇన్నాళ్లూ డాక్టరమ్మను అడిగాడు, అధ్యక్షుల వారినీ అడిగాడు, ఇంకెవర్ని అడగాలో తెలియలేదు. కర్రలు చంకల్లో బిగించుకుని రెండు చేతులూ జోడించాడు.

"సామీ, నా కాలు నాకు ఇప్పించు."

అతను ఇంకా కళ్లు తెరవనే లేదు. వెనకున్నవాళ్లం, మనమే లెండి, "బేగి జరగవయ్యా!" అని గదమాయించాం.