పళ్ళ డాక్టరు గొంతు తగ్గించిన రోజు

ఆ ఉదయం పళ్ళ డాక్టరు నిద్ర లేస్తూనే ఇక గొంతు తగ్గించాలని నిర్ణయించుకున్నాడు. ఆయనది సామాన్యమైన గొంతు కాదు. లోపలి గదిలో "నోరు తెరవండి" అంటే వీధిన పోయేవాళ్ళు కూడా తెరిచేవాళ్ళు. ఇన్నాళ్ళూ దానివల్ల ఎవరికీ నష్టం లేదు. కానీ రోగి గుట్టు మూడో మనిషి చెవిన పడకూడదని వైద్యులందరికీ కొత్త చట్టం వచ్చింది. అది వచ్చిన వారానికే పక్కనున్న చెప్పుల దుకాణంవాడు ఒక కొత్త పెళ్ళికొడుకుని అత్తవారి ఎదుటే "కట్టుడు పళ్ళు కుదిరాయా బాబూ?" అని ఆప్యాయంగా పలకరించాడు. పెళ్ళికొడుకు ఫిర్యాదు చేశాడు. ఏ రోజైనా తనిఖీకి వస్తామనీ, తప్పు రుజువైతే క్లినిక్కు మూయిస్తామనీ పైనుంచి కబురు వచ్చింది.

"అక్కా, ఇవాళ్టి నుంచి నేను గుసగుసగానే మాట్లాడతాను. ఎవరేమడిగినా నువ్వు నోరు విప్పకు," అన్నాడు తాళం తీస్తూ.

డాక్టరు ప్రాక్టీసు మొదలుపెట్టినప్పటి నుంచీ కౌంటరు అక్కదే. "నాకెందుకురా చెబుతావు? నీ గొంతుకి చెప్పుకో," అంది ఆవిడ. అయినా మాటంటే మాటే. పెదవులు బిగించి కూర్చుంది.

మొదట వచ్చింది ఒక దర్జీ. జ్ఞానదంతం కుళ్ళి దవడ వాచింది. డాక్టరు మొద్దుబారే మందు పొడిచి, పరీక్షగా చూసి, చెవి దగ్గరికి వంగి, ఊపిరి కంటే మెల్లగా, "లాభం లేదండీ. లోపల బాగా పాకింది. తీసెయ్యాల్సిందే," అన్నాడు. తర్వాత పనిముట్లు ఉడకబెట్టడానికి పక్కగదిలోకి వెళ్ళాడు.

దర్జీ ఆ డాక్టరు అరుపులు ఏళ్ళ తరబడి విన్నవాడు. పుచ్చు ఉందన్నా డాక్టరు అరిచే చెప్పాడు, చిగుళ్ళ వాపన్నా అరిచే చెప్పాడు. అలాంటి మనిషి గొంతు పడిపోయిందంటే ఇక చెప్పేదేముంది? భార్యకు ఫోను చేశాడు. మొద్దుబారిన నోట్లోంచి "లాహం... లేదఁట... హాకిందఁట..." అన్న మూలుగు తప్ప మరేమీ రాలేదు.

భార్య వెంటనే క్లినిక్కుకి ఫోను చేసింది.

"మా ఆయనకేమైందండీ?"

"చెప్పకూడదమ్మా. చట్టం," అంది అక్క.

"బాగానే ఉన్నాడు కదా?"

"అదీ చెప్పకూడదు."

"అసలు ఉన్నాడా అండీ?"

అక్క కాస్త ఆలోచించింది. "ఉన్నాడో లేడో కూడా చెప్పకూడదనుకుంటానమ్మా."

అటువైపు నుంచి వచ్చిన కేకకి అక్క ఫోను చెవికి దూరంగా పెట్టుకుంది.

కాసేపట్లో వరండా నిండిపోయింది. భార్య జుట్టు విరబోసుకుని వచ్చింది. ఆమె అన్నగారు కొట్టు మూసి వచ్చాడు. దర్జీ మేనత్త ఇద్దరు కోడళ్ళ భుజాల మీద వాలి ఏడుస్తూ వచ్చింది. ఆ గొడవలోనే, భుజాన తోలుసంచీతో ఒక నడివయసావిడ లోపలికి అడుగుపెట్టింది. తనిఖీ అధికారి ఆవిడే. ఆ సంగతి చెప్పేలోపే మేనత్త ఆవిణ్ణి వాటేసుకుంది.

"ఇప్పుడా తల్లీ రావడం? నీ పెళ్ళి బట్టలన్నీ కుట్టింది వాడే కదే!"

తనిఖీ ఆవిడ తబ్బిబ్బయినా, ఇదీ మంచికే అనుకుని చుట్టం లాగే పక్కన కూర్చుంది. "ఇంతకీ జబ్బేమిటి?" అని భార్య అన్నగారిని మెల్లగా అడిగింది.

"గుండె," అన్నాడతను.

"పళ్ళ డాక్టరు దగ్గర గుండె జబ్బా?"

"పంట్లోంచి పాకిందటండీ."

కాదు మెదడన్నారు కోడళ్ళు. తనిఖీ ఆవిడ లేచి కౌంటరు దగ్గరికి వెళ్ళింది. "నేను ఆయన సొంత చెల్లెల్ని. నాకొక్కదానికే చెప్పండి."

"మీరు కన్నతల్లయినా చెప్పను," అంది అక్క.

అప్పుడే తలుపు తెరుచుకుంది. పన్ను ముక్కలు కాకుండా ఊడివచ్చిన సంతోషంలో బయటికొచ్చిన డాక్టరు ఆ జనాన్ని చూసి నిలువునా కొయ్యబారిపోయాడు. దర్జీ భార్య కాళ్ళ మీద పడింది. "మా ఆయన బతికే ఉన్నాడా డాక్టరుగారూ?"

డాక్టరు గుండె కరిగిపోయింది. పొద్దుటి నుంచీ అణచిపెట్టిన గొంతు ఒక్కసారిగా కట్ట తెంచుకుంది. "బతికే ఉన్నాడమ్మా! ఆయనకి ప..."

ఆ ఒక్క అక్షరంతోనే కిటికీ అద్దాలు గల్లుమన్నాయి. రెండోది రాకముందే అక్క కౌంటరు దాటి వచ్చి తమ్ముడి నోట్లో దూది ఉండ కుక్కేసింది.

ఆయన వెనకే దర్జీ తన కాళ్ళ మీద తానే నడిచి వచ్చాడు. ఒక బుగ్గ బూరెలా పొంగి ఉంది. అరచేతిలో ఊడిన పన్ను ఉంది. అందరికీ కనబడేలా దాన్ని పైకెత్తి పట్టుకున్నాడు.

భార్య లేచి పన్నును చూసింది, మొగుణ్ణి చూసింది. "దీనికా నా ప్రాణం తోడేశావు!" అంటూ ఏడుస్తూనే నవ్వి, వాచిన బుగ్గనే ముద్దు పెట్టుకుంది.

అప్పుడు తోలుసంచీ ఆవిడ తానెవరో చెప్పింది. డాక్టరు గోడకి చేరగిలబడ్డాడు.

"రోగి తన గుట్టు తానే చెప్పుకుంటే చట్టానికి అభ్యంతరం లేదు," అందావిడ. "నేను చాలా ఆసుపత్రులు తిరిగానండీ. పెద్ద పెద్ద చోట్ల కూడా తోటమాలిని అడిగితే రోగి జాతకం చెబుతున్నాడు. ఇక్కడ కట్టుకున్న భార్యకే జబ్బేమిటో తెలియలేదు! ఇంత పకడ్బందీగా చట్టం నడుస్తున్న చోటు మరొకటి లేదు. మిగతా క్లినిక్కులవాళ్ళని మీ దగ్గరికే పంపిస్తాను. వాళ్ళకి మీ అక్కగారే నేర్పాలి."

చుట్టాలంతా చప్పట్లు కొట్టారు. డాక్టరు నోట్లోంచి దూది తీసి అక్కకి దండం పెట్టాడు. అక్క మాత్రం, అవునని గాని కాదని గాని అనకుండా కుర్చీలో కూర్చుంది.

ఎలాగూ పనులు మానుకుని వచ్చాం కదా అని చుట్టాలందరూ ఆ పూటే పళ్ళు చూపించుకున్నారు. తనిఖీ ఆవిడ కూడా కుర్చీ ఎక్కింది. ఎవరికి ఏ పన్ను పాడైందో మాత్రం ఇక్కడ రాయడానికి వీల్లేదు.