మామగారి మూడు తుమ్ములు

రాజుగారి పాలన పోయిన మరుసటి ఏడు, శరత్కాలపు పండగకు ముందురోజు పొద్దున, బీజింగులో మా వాకిట్లో కాపురముండే ఫూ షౌతింగ్ తన పొడుం సీసా ఖాళీదని నిరూపించబోయి దొరికిపోయాడు.

వాకిలి ఒకటే, కాపురాలు నాలుగు. తలుపులు తెరిచే ఉంటాయి. కాబట్టి ఇది నేను చూసిందే.

అతన్ని మేం తుమ్ముల ఫూ అంటాం. ఎండాకాలంలో భార్య యూరోంగ్‌తో ఒప్పందం కుదిరింది. అతను ముక్కుపొడుం మానాలి, ఆమె మాజాంగ్ బిళ్ళల ఆట మానాలి. ఆమె మానేసింది.

ఫూ ఒకేలాంటి సీసాలు రెండు కొన్నాడు. పాలతెలుపు గాజు, దాని మీద రంగులద్ది కాల్చిన కొండలు, ఏరు, పడవ. లోపల ఏముందో పైకి కనిపించదు. ఖాళీది చొక్కా చేతి మడతలో ఉండేది. నిండుది బియ్యం జాడీలో ఉండేది.

“మానేసినవాళ్ళకి సీసా ఎందుకండీ?” అని యూరోంగ్ అడిగేది.

“కొండలు చూసుకోవడానికి.”

“మరి ముక్కు తుడుచుకుంటారెందుకు?”

“ఏటిగాలి. జలుబు చేసింది.”

ఆ పొద్దున ఆమె తండ్రి చాంగ్ పెద్దాయన పండగ రొట్టెలతో వచ్చాడు. కూర్చుంటూనే తన పొడుం సీసా తీసి రెండు చేతులతో అల్లుడికి అందించాడు. పెద్దలు సీసా ఇస్తే మనదీ ఇవ్వాలి. ఇవ్వకపోతే గుమ్మంలోంచే పంపేసినట్టు. యూరోంగ్ టీ పళ్ళెంతో అక్కడే నిలబడింది.

ఫూ ఖాళీది ఇచ్చాడు. ఖాళీ సీసా అందినా మూత వాసన చూసి, బాగుందని తిరిగి ఇవ్వడం మర్యాద. మామగారి మర్యాద మీద అతనికి నమ్మకం.

మామగారు మూతకున్న చిన్న చెంచాతో లోపల గీకి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మూడుసార్లు తుమ్మాడు.

“మల్లెల పొడుం! నిన్ననే నింపినట్టున్నావు, అల్లుడూ.”

యూరోంగ్ పళ్ళెం కింద పెట్టింది.

“మామగారూ, అది ఖాళీ సీసా!”

“తుమ్మింది నేనయ్యా. నాకు తెలీదా?”

ఫూ సీసా లాక్కుని అరచేతిలో బోర్లించి తట్టాడు. ఏమీ రాలలేదు.

“చూడవే!”

“చూశాను. నాన్న మొత్తం పీల్చేసినట్టున్నారు.”

“ఒట్టు! పొడుం ఉన్న సీసా ఇది కాదు!”

వాకిట్లో బట్టలుతికే చప్పుడు కూడా ఆగింది.

“మరి అదేదండీ?” యూరోంగ్ మెల్లగా అడిగింది.

బియ్యం జాడీ వైపు చూడకుండా ఉండటానికి ఫూ చాలా ప్రయత్నించాడు. ఆమె వెళ్ళి మోచేతి దాకా చెయ్యి పెట్టింది. సీసా వచ్చింది.

“ఒప్పందం రద్దు,” అని శాలువా కప్పుకుని, సీసాతో సహా వాకిట్లోకి నడిచింది.

ఫూ మామగారి వైపు తిరిగాడు. “ఖాళీ సీసాకి ఎందుకు తుమ్మారండీ?”

“ఏం చెయ్యమంటావు నాయనా? ఆటకి నలుగురు కావాలి. ఎండాకాలం నుంచీ ముగ్గురం మొహాలు చూసుకుంటూ కూర్చున్నాం. మీ అత్తగారు ఆ కోపమంతా నా మీద తీర్చుకుంటోంది.”

మధ్యాహ్నానికి చాంగ్ పెద్దాయన ఇంట్లో బల్ల చుట్టూ నలుగురు కూర్చున్నారు. వారిలో మా ఆవిడ ఒకరు. మిగతాది ఆమె చెప్పింది. దీపాలు పెట్టే వేళకు ఫూ భార్యను పిలుచుకుపోవడానికి వచ్చాడు. ఆట ఇంకా అవలేదన్నారు. నిండు సీసా మామగారి మోచేతి పక్కన ఉంది.

ఫూ నలుగురికీ టీ పోశాడు.