కామ్‌రేజ్ మీదుగా క్రొయేషియా

ఆ ఆదివారానికి రాజమౌళి వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే గల్లీలో నాలుగిళ్ళకు తాను తెచ్చిన ఫారిన్ స్కార్ఫులు పంచాలి. మధ్యాహ్నం బావమరిది వరప్రసాద్ వస్తే నాలుగు మంచి మాటలు చెప్పాలి. ఆపైన కోడికూర తిని సాయంత్రం దాకా పడుకోవాలి. కనీసం ఆ మూడోదైనా తన చేతిలో పని అనుకున్నాడు గానీ, చివరికి అదీ దక్కలేదు.

రాజమౌళి సూరత్‌లో, తెలంగాణ నేతగాళ్ళ కుటుంబాలుండే లింబాయత్ పేటలో, పవర్‌లూమ్ నేతగాడు. పదిహేనేళ్ళుగా చిరంజీవి సేఠ్ కార్ఖానాలో మగ్గాలు నడుపుతున్నాడు. మొన్న ఎండాకాలం గిరాకీ లేక సగం మగ్గాలు ఆగిపోతే, ఒక ఏజెంటు మాట పట్టుకుని క్రొయేషియా అనే దేశానికి వెళ్ళాడు. అక్కడ సముద్రం ఒడ్డున ఒక పెద్ద హోటల్లో సీజనంతా దుప్పట్లు ఉతికి, ఇస్త్రీ చేసి, మడత పెట్టాడు. సెలవు దొరికినప్పుడల్లా బస్సెక్కి కోటలూ జలపాతాలూ చూశాడు. మగ్గాల చప్పుడు లేక మొదట్లో నిద్ర పట్టలేదు గానీ, పోనుపోను అలల చప్పుడుతో సర్దుకున్నాడు. తిరిగొచ్చి మూడు రోజులైంది. ఈ మూడు రోజుల్లో క్రొయేషియా గురించి అతను చెప్పింది తక్కువ, అతని భార్య ఊర్మిళ చెప్పింది ఎక్కువ.

వరప్రసాద్ ఊరికే రావడం లేదు. అతను ఊర్మిళ తమ్ముడు, సూరత్ పక్కనే ఇచ్ఛాపూర్‌లో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరు. అతని కూతురు సింధూజ హోటల్ పని కోర్సు చదివి, వచ్చే ఎండాకాలం తనూ అదే హోటల్‌కు వెళ్తానని పట్టుబట్టింది. "బావ పోయొచ్చిండు. బావ మంచిగుంటదంటే పంపుత, లేకుంటే లేదు" అని వరప్రసాద్ తేల్చేశాడు. ఆ పిల్ల వారం రోజులుగా మామకు ఫోన్ చేసి "మామా, ప్లీజ్, అచ్ఛా బోల్నా, మంచిగుంటదనే చెప్పు" అని బతిమాలుతూనే ఉంది.

"బాలవ్వకు మొదాలియ్యి. ఆమెకిస్తే గల్లీకంత చెప్పినట్టే" అంది ఊర్మిళ. ఆ మాట అక్షరాలా నిజమైంది.

ఎదురింటి బాలవ్వ తన గడప మీద కూర్చుని చీరల వెనక వేలాడే దారాలు కత్తిరిస్తోంది. రాజమౌళి ఆమె చేతిలో నీలం రంగు స్కార్ఫు పెట్టాడు. దాని మీద తెల్ల చేపలు ఈదుతున్నాయి.

"ఏడ కొన్నవ్ కొడుకా?"

"సముద్రం ఒడ్డుకు దుకాణముండె అవ్వా. అసలైన పట్టంట. ఆ ఊరి ఆడోళ్ళు చేత్తోని నేసిన్రట. ఓడ దిగిన తెల్లోళ్ళు ఎగబడి కొంటుంటే నేను గూడ తీసుకున్న."

బాలవ్వ చేపల వంక చూడలేదు. అంచు పట్టుకుని వెలుతురుకు ఎత్తి చూసింది.

"చేత్తోనే?"

"చేత్తోనే అవ్వా."

"మంచిగున్నది" అని మడిచి ఒళ్ళో పెట్టుకుంది. రాజమౌళి సంతోషంగా పక్కింటికి నడిచాడు.

ఆ అంచులో రెండు పచ్చ పోగులున్నాయి. లింబాయత్‌లో నేసిన తెల్లగుడ్డ రంగులద్దే మిల్లుకు వెళ్ళినప్పుడు అందరి గుడ్డలూ కలిసిపోతాయి. తన గుడ్డ గుర్తు పట్టడానికి చిరంజీవి సేఠ్ అంచులో రెండు పచ్చ పోగులు వేయిస్తాడు. ఏ రంగు అద్దినా అవి పోవు. గల్లీలో చిన్నాపెద్దా అందరికీ ఆ గుర్తు తెలుసు. ఆ పోగుల్ని మగ్గానికి ఎక్కించేది రాజమౌళే.

"గీడ నేసిన గుడ్డ గాడికెట్ల పోతది? ఆయన యాడికీ పోలే" అని బాలవ్వ తీర్పు చెప్పేసింది. మరి ఎండాకాలమంతా ఎక్కడున్నట్టు? ఎవరో ఊరి బయట హైవే మీదున్న కామ్‌రేజ్ చౌరస్తాలో అలాంటి మనిషినే చూశానన్నారు. మూడో ఇంటికి చేరేసరికి అలాంటి మనిషి కాస్తా రాజమౌళే అయ్యాడు. అయిదో ఇంట్లో అక్కడ చాయ్ తాగుతూ దొరికాడు. గల్లీ చివరికి వచ్చేసరికి కామ్‌రేజ్‌లో కొత్తగా కడుతున్న బిల్డింగుకు వాచ్‌మన్‌గా కుదిరిపోయాడు.

పెరుగు తేవడానికి వెళ్ళిన ఊర్మిళ ఖాళీ గిన్నెతో తిరిగొచ్చింది. ఆమె వెనకే బాలవ్వా, మరో పదిమందీ వచ్చారు.

"ఏందయ్యా, ఎండకాలమంత యాడున్నవ్?" అని నిలదీసింది ఊర్మిళ.

రాజమౌళి నవ్వాడు. ఎవరూ నవ్వకపోయేసరికి ఫోన్ తీసి ఫోటోలు చూపించాడు. మొదటిదాంట్లో ఆవిర్లు, పెద్ద యంత్రాలు, గుట్టగా తెల్లగుడ్డలు. "ఇది మన రంగుల మిల్లు గాదా?" అన్నారెవరో. రెండోదాంట్లో అతని భుజం మీద చెయ్యేసి తోటి పనివాడు నిలబడ్డాడు. అతనిది బీహార్. మూడోది జలపాతం. దాని ముందు రాజమౌళిని వాటేసుకుని ఒక సూరత్ కుటుంబం నిలబడింది, వాళ్ళ చేతిలో కరకరలాడే ఖాఖ్రా రొట్టెల పొట్లం, దాని మీద గుజరాతీ అక్షరాలు చక్కగా కనిపిస్తున్నాయి.

"ఫారిన్ జలపాతం కాడ ఖాఖ్రానా?"

"సూరతోళ్ళు లేని జలపాతం యాడున్నది అవ్వా?" అన్నాడు రాజమౌళి. అది నిజమే గానీ ఆ సమయానికి పనికిరాలేదు.

"దినాం వీడియో కాల్ చేసిండు గదా" అని ఊర్మిళ తనకు తానే ధైర్యం చెప్పుకుంది. "ఎప్పుడు చూసినా ఎనక తెల్లగోడే ఉంటుండె."

"కామ్‌రేజ్‌ల తెల్లగోడలు లేవా?" అంది బాలవ్వ. "బొంబాయి ఎయిర్‌పోర్టుకని వ్యానెక్కిండు. ఆ వ్యాన్ కామ్‌రేజ్ మీదుగనే పోతది. ఆడనే దిగి ఉంటడు."

పాస్‌పోర్టు చూపిస్తే తేలిపోయేది. అది వచ్చే ఏడు వీసా కోసం ఏజెంటు దగ్గరుంది. ఏజెంటు ఆదివారాలు ఫోన్ కట్టేస్తాడు. ఈ జవాబు విన్నాక మొన్నటిదాకా నమ్మినవాళ్ళు కూడా తలలూపారు. పొయ్యి మీద కోడికూర ఎవరికీ పట్టకుండా ఉడుకుతూనే ఉంది.

ఇక సాక్ష్యం చెప్పాల్సింది సేఠేనని అతన్ని పిలిపించారు. చిరంజీవి ఆదివారం టిఫినుగా తినే లోచో ప్లేటు చేత్తో పట్టుకునే వచ్చాడు. ప్లేటు పక్కన పెట్టి, వేళ్ళు తుడుచుకుని, స్కార్ఫు అంచు చూశాడు.

"నాదే. పోయిన దివాలీ మాలు." నేత తీరు మరికాస్త చూసి రాజమౌళి వైపు తిరిగాడు. "అరే, కిటికీ పక్క మగ్గం మీద నువ్వే నేసినవ్ గదరా!"

గల్లీ అంతా ఒక్కసారి 'ఆ' అంది. సేఠ్‌కు మాత్రం ఇంకో అనుమానం వచ్చింది.

"నిజం చెప్పు. ఇది ఫారిన్లనే కొన్నవా? నీ చేతి గుడ్డ నీకే ఎర్కలేదా? పాలిస్టర్‌ను పట్టనుకున్నవా? నేతోని పుట్టుక పుట్టి అంచు చూడకుంట గుడ్డ కొన్నవా?"

రాజమౌళికి చెవులు వేడెక్కాయి. వాళ్ళ ఇళ్ళల్లో పెళ్ళిచీరకైనా ముందు అంచు చూసి, తర్వాతే కొంగు చూస్తారు. ఆ దుకాణంలో తను చూసింది చేపల్ని, ఎగబడుతున్న తెల్లవాళ్ళని. తను నేసిన గుడ్డకు తనే మురిసిపోయి, బతిమాలి మరీ కొనుక్కున్నాడు. ఆ మాట నలుగురి ముందు ఒప్పుకోవడం కన్నా చావు నయమనిపించింది. చావు కన్నా కామ్‌రేజ్ దగ్గర.

"లేదు సేఠ్" అన్నాడు తల దించుకుని. "నేను కామ్‌రేజ్‌లనే ఉన్న."

ఊర్మిళ గోడకు ఆనుకుని కూలబడింది. గుమ్మంలో ఏదో పడ్డ చప్పుడైంది. వరప్రసాద్ చేతిలోని మిఠాయి డబ్బా అది. అతని పక్కన సింధూజ, కళ్ళు పెద్దవి చేసుకుని మామనే చూస్తోంది.

"ఇగ పోవుడు లేదు, ఏం లేదు బిడ్డా" అన్నాడు వరప్రసాద్ మెల్లగా. "బావనే పోలేదట."

సింధూజ ఏడుపు కనబడకుండా గబగబా లోపలి గదిలోకి వెళ్ళిపోయింది. రాజమౌళికి అంతకుముందు పడ్డ సిగ్గు సిగ్గే కాదనిపించింది. తన ఇజ్జత్ కాపాడుకోవడానికి ఆ పిల్ల నోటి దగ్గరి ముద్ద లాగేశాడు.

"వరప్రసాద్, ఆగు. నేను అబద్ధమాడిన. నేను పోయిన. నిజంగనే పోయిన."

"గిప్పుడు చెప్పింది నిజమా బావా, ఇందాక చెప్పింది నిజమా?"

"గిదే నిజం. అంచు చూస్కోలే. నా గుడ్డ నేనే కొనుక్కున్న. సిగ్గై కామ్‌రేజ్ అన్న. ఆడ హోటల్ మంచిగుంటది, ఆడపిల్లలకు వేరే రూములుంటయి, పనికి మర్యాద ఉంటది. నన్నేమన్న అనున్రి, పిల్లను మాత్రం పంపు."

ఒక్కరూ నమ్మలేదు. అబద్ధమైతే చటుక్కున నమ్మిన గల్లీ, నిజానికి సాక్ష్యం అడిగింది.

అప్పుడు సింధూజ లోపలి నుంచి గోడ అద్దం పీకి పట్టుకొచ్చింది. "అత్తా, యే క్యా హై?"

ఊర్మిళ బొట్టుబిళ్ళలు ఎక్కడివక్కడ అద్దానికే అంటిస్తుంది. వాటి పక్కన వరసగా బంగారు రంగు చీటీలున్నాయి. వాటి మీద పరాయి దేశపు మాటలు, సముద్రం బొమ్మ, యూరోల్లో ధర.

"అయ్యో!" అని ఊర్మిళ లేచి నిలబడింది. "మంచిగ మెరుస్తున్నయని స్కార్ఫులకెల్లి నేనే పీకి అంటించిన. కోపంల యాదికే లేదు."

చిరంజీవి అద్దం లాక్కుని ధర చదివాడు. మళ్ళీ చదివాడు. తాను గుడ్డ అమ్మిన ధరకు అది ఎన్ని రెట్లో వేళ్ళ మీద లెక్కేశాడు. తర్వాత మొహం విప్పారింది.

"నా గుడ్డ సముద్రం దాటిందిరో! తెల్లోళ్ళు ఎగబడి కొంటున్నరట!"

అంతే, గల్లీ మొత్తం ప్లేటు తిప్పేసింది. ఫారిన్‌వి కావని ఇందాక పక్కన పడేసిన స్కార్ఫులు తిరిగి మెడలకెక్కాయి. బాలవ్వ తన స్కార్ఫు చేపలు కనబడేలా కప్పుకుని, "నేను మొదాలే అన్న, మంచిగున్నదని" అంది.

వరప్రసాద్ కింద పడ్డ మిఠాయి డబ్బా తీసి బావ చేతిలో పెట్టాడు. "నీ ఇజ్జత్ పోతదని తెల్సి గూడ నా బిడ్డ కోసం చెప్పినవ్ బావా. ఇగ నీ మాటనే మాట. పంపుత."

"మామా, నీకు ఆడికెల్లి ఏం తేవాలె?" అంది సింధూజ కళ్ళు తుడుచుకుంటూ.

"గుడ్డలు తప్ప ఏదన్న తే!" అని గల్లీ అంతా ఒక్క గొంతుతో అరిచింది. కోడికూర మాడిన వాసన అప్పుడు తగిలింది.

ఆ తర్వాత రాజమౌళి తువ్వాలు కొనబోయినా దుకాణందారు "ముందు అంచు చూసుకో భాయ్" అనడం మొదలుపెట్టాడు. కొత్తగా పనిలో చేరినవాళ్ళకు మగ్గం కన్నా ముందు అతన్నే చూపిస్తున్నారు. కామ్‌రేజ్‌లో దాక్కున్నాడన్న మాటైతే లింబాయత్ వారంలో మరిచిపోయేది. ఖర్మ కొద్దీ అతను నిజంగానే క్రొయేషియా వెళ్ళాడు.